అంజన్న ముందు పెట్టిన బలం పొడి

మా ఆడపడుచు గొంతు మారిపోయిందని నాకు మొదట చెప్పింది పాలు పోసే అవ్వ. ఇంట్లో మేమందరం రోజూ ఆ గొంతు వింటూనే ఉన్నాం. మాకు తెలియలేదు. ములుగు దగ్గర ఊళ్లో కూతురి కాన్పు ఉందని పోయి, చాలా రోజులకు తిరిగొచ్చిన ముసలామెకు వచ్చిన పొద్దే తెలిసింది.

అవ్వ కళ్లకు పొరలు కమ్మి ఉండేవి. ఇంకా మసక ఉండగానే వచ్చేది కాబట్టి ఆ కళ్లతో ఆమెకు పెద్దగా పని పడేది కాదు. కొత్తవాడలో మా వరుస ఇళ్లన్నిటినీ గొంతులతోనే గుర్తుపట్టేది. ఆ రోజు నేను గిన్నె పట్టుకుని గడపలో కూర్చున్నాను. లోపలినుంచి ఆడపడుచు, “వదినె, చెంబు గూడ తీస్కపో” అంది. అవ్వ చేతిలో పాలు కొలిచే గ్లాసు ఆగింది.

“ఎవరు బిడ్డా ఆ పిలగాడు? చుట్టమా?”

“పిలగాడెవరవ్వా? మా ఆడిబిడ్డనే.”

“నీ ఆడిబిడ్డ గొంతు నాకెర్క లేదా? శనివారం భజనల పాడుతాంటె మా బర్రె గూడ చెవులు రిక్కిస్తది. ఇది గా గొంతు కాదు.”

“జలుబు చేసిందవ్వా.”

“నేను పోయేనాడు గూడ జలుబే అంటివి.”

అవ్వ పాలు పోసింది, ఎప్పటిలాగే కొసరు పోసింది. క్యాను ఎత్తుకుంటూ, “జర దవాఖానకు తోల్కపోండ్రి బిడ్డా” అని పక్కింటి వైపు నడిచింది. నేను గిన్నె పట్టుకుని అక్కడే కూర్చున్నాను. పాల మీద నురగ అణిగిపోయేదాకా కూర్చున్నాను.

ఇది ఎనభైల మొదట్లోని మాట. అప్పటికి నేను ఆ ఇంటికి పెద్దకోడలిగా వచ్చి చాలా ఏళ్లయింది. నేను బడికి పోలేదు. మా నాన్న ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించి, భజన పుస్తకాలు చదివించి, అంతే చదువు అన్నాడు. దానితోపాటు ఒక అలవాటు కూడా నేర్పాడు. ఆ రోజు మనకు మేలు చేసినవాళ్లెవరో పొద్దుగూకే వేళ తలుచుకుని ఒక్కొక్కరికీ దండం పెట్టుకోవాలి. నీళ్లు తోడిచ్చినవాళ్లయినా సరే. ఆ దండాలు నేను ఇప్పటికీ మానలేదు.

అత్తవారింట్లో అచ్చు అక్షరం ఏది వచ్చినా నా దగ్గరికే వచ్చేది. మందు సీసా మీది రాత, బస్సు బోర్డు, పెళ్లి పత్రిక, అన్నీ నేనే చదివి చెప్పేదాన్ని. మగవాళ్లకు మగ్గం తప్ప వేరే లోకం లేదు. మా మగ్గాల మీద నేసేవి జంపఖానాలు. పెద్ద జంపఖానాకు ఇద్దరు ఆడవాళ్లం మగ్గం ముందరి ఒకే చెక్కపలక మీద పక్కపక్కన కూర్చునేవాళ్లం, నేనూ ఆడపడుచూ. ఏ వరుసలో ఏ రంగు రావాలో ఆ పూవు లెక్క అంతా ఆమె తలలో ఉండేది. ఎర్ర, నీలి, పసుపు అని ఆమె రంగు పిలిచేది, నేను ఆ రంగు దారం తీసేదాన్ని. వరుస అయ్యాక ఇద్దరం పంజాతో, అంటే గోళ్లలాంటి ఇనుప పళ్లున్న దువ్వెనతో, నూలును కిందికి దిగ్గొట్టేవాళ్లం. నేను కాపురానికి వచ్చినప్పుడు ఆమె గౌను వేసుకున్న పిల్ల. నా చేతులతో జడ వేసి పెంచాను. ఎత్తు పెరిగినా, ఓణీ వేసినా, రంగు పిలిచే గొంతు మాత్రం ఆ గౌను పిల్లదే. సన్నగా, నిటారుగా ఉండేది. మగ్గాల చప్పుడు మధ్యలో కూడా విడిగా వినిపించేది.

శనివారం భజనలో పల్లవి ఎత్తుకునేది ఆమే. భజన జరిగేది మా వాడలోని తాలీం దగ్గర. తాలీం అంటే కుస్తీ నేర్పే చోటు. లోపల ఎర్రమట్టి గోదా, గోడ గూట్లో అంజన్న, అంటే ఆంజనేయస్వామి. మా మరిది అక్కడే కుస్తీ నేర్చుకునేవాడు. గోదా కడిగినట్టు ఊడ్చి, అంజన్నకు దీపం పెట్టి, ఆడవాళ్లం బయటి అరుగు మీద కూర్చుని పాడేవాళ్లం. ఆమె పై స్వరానికి పోయి అక్కడ నిలబడితే, లోపల గద తిప్పుతున్న పహిల్వాన్లు కూడా ఆపి వినేవారు. చెల్లెలు పాడిన రోజు మా మరిదికి ఛాతీ ఇంకొంచెం వెడల్పయ్యేది.

ఆ ఏడు వానల్లో ఆమెకు టైఫాయిడ్ వచ్చింది. తగ్గేసరికి ఎముకలు మిగిలాయి. జుట్టు దువ్వెనకు వచ్చేది. పల్లవి ఎత్తుకుంటే ఊపిరి చాలక మధ్యలో కూర్చుండిపోయేది. అప్పుడు మరిది ఒక డబ్బా తెచ్చాడు.

అది తాలీం ఉస్తాద్ తయారుచేసే బలం పొడి. వేయించిన శనగలు, బాదం, సారపప్పు, యాలకులు దంచి, శనివారం అంజన్న ముందు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, శిష్యులకు పంచేవాడు. మరిది తన వంతు తను తినకుండా చెల్లెలికి తెచ్చాడు. పాత బిస్కెట్ డబ్బాలో పోసి తెచ్చాడు. డబ్బా మీద బిస్కెట్ల బొమ్మ ఉంది, పొడి గురించి రాత ఏమీ లేదు. చదవడానికి ఏమీ లేదు కనుక ఆ డబ్బా నా చేతికి రాలేదు. సీదా దేవుడి గూట్లోకి పోయింది.

“తిను పిల్లా. తింటె నన్ను గూడ పడగొడుతవ్.”

“నిన్ను పడగొట్టనీకి పొడెందుకే అన్నా? గోదాల ఇంత నూనె ఒలకబోస్తె చాలదా?”

“చూసినవా వదినె, మంచంల ఉండి గూడ నోరు తగ్గలే.”

“నోరు తగ్గితె భజన ఎవలు చెప్తరు, నువ్వా? నువ్వు పాడితె అంజన్న గూట్లకెళ్లి దుంకి ఉరుకుతడు.”

అత్తమ్మ నవ్వి, చెంచాడు పొడి తీసి కళ్లకద్దుకుని పిల్ల నోట్లో పోసింది, పైన పాలు తాగించింది. మా ఇంట్లో ఏదీ ఒక్కరు తినే పద్ధతి లేదు. మిగిలినవాళ్లకూ చిటికెడు చిటికెడు పెట్టింది. నేనూ కళ్లకద్దుకుని వేసుకున్నాను. యాలకుల వాసన బాగుంది. చివర్లో నాలుక మీద కొంచెం చేదు నిలిచింది. శనగలు మాడాయేమో అనుకున్నాను. ప్రసాదానికి రుచి వెతకకూడదని మా నాన్న మాట.

మాది చిటికెడుతో అయిపోయింది. ఆమెకు రోజూ సాగింది. మరిది వారం వారం తెచ్చేవాడు.

పొడి పనిచేసింది. ఆ మాట రాయకపోతే అబద్ధమవుతుంది. ఆమెకు ఆకలి వచ్చింది, చెక్కిళ్లు నిండాయి. చేతులు గట్టిపడ్డాయి. పక్కన కూర్చుని ఆమె పంజా కొడితే నా వైపు పలక అదిరేది. వాడకట్టు ఆడవాళ్లు వచ్చి, ఏం పెడుతున్నారని అడిగిపోయారు. అత్తమ్మ అంజన్నకు ఆకుపూజ చేయించింది. నేను పొద్దుగూకే దండాల్లో ఉస్తాదును కూడా చేర్చుకున్నాను.

తరువాత గొంతు బొంగురుపోయింది. జలుబన్నాం. కరక్కాయ బుగ్గన పెట్టుకుని పడుకోమన్నాం. ముఖం మీద, వీపు మీద పెద్ద పెద్ద మొటిమలు వచ్చాయి. జ్వరం వేడి బయటికి పోతోందని అత్తమ్మ వేపాకు నూరింది. నెలసరి ఆగింది. అదీ జ్వరం వేడే. పై పెదవి మీద నల్లగా నూగు కనిపించి, ఆమె ఓణీ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఒక శనివారం పల్లవి ఎత్తుకుని పై స్వరానికి పోబోయి, అక్కడ ఏమీ దొరకనట్టు ఆగింది. దగ్గు వచ్చినట్టు దగ్గి తాళాలు చేతిలోకి తీసుకుంది. మరుసటి వారంనుంచి వెనక వరుసలో కూర్చుంది. ఇవన్నీ నా కళ్ల ముందే ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. నెమ్మదిగా వచ్చాయి.

అవ్వ చెప్పిన రోజే నేను అత్తమ్మతో అన్నాను. మూడోనాడో నాలుగోనాడో అత్తమ్మా నేనూ ఆమెను బస్సులో హనుమకొండ దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరమ్మ నెమ్మది మనిషి. గొంతు చూసింది, తెర వేసి ఒళ్లు చూసింది.

“అమ్మాయికి ఏం మందులు వాడుతున్నారు?”

“టైఫాయిడ్ గోలీలు ఎన్నడో బంద్ అయినయమ్మా” అంది అత్తమ్మ.

“ఇప్పుడేమీ లేవా? ఏం తింటుంది?”

అత్తమ్మ అన్నీ చెప్పింది. నేనూ అందించాను. అన్నం, పప్పు, బర్రెపాలు, మెంతులు, కరక్కాయ, ఆదివారం కోడిగుడ్డు. పొడి మాట ఇద్దరికీ నోటికి రాలేదు. దాచాలని కాదు. అడిగింది మందు, తిండి. పొడి ఆ రెండూ కాదు, ప్రసాదం. తీర్థం ఎంత తాగావని ఎవరైనా అడిగితే ఎలా ఉంటుందో అలాంటిది అది. డాక్టరమ్మ రక్తం తీయించి, మళ్లీ రమ్మంది. ఇంటికి వచ్చాక పిల్లకు ఎప్పటిలాగే చెంచాడు పొడి, పాలు.

రెండోసారి పోయినప్పుడు అత్తమ్మ చీర కొంగున కాగితం పొట్లం కట్టుకుని వచ్చింది. మంచిగా చూసిన డాక్టరమ్మకు ఒట్టి చేతులతో ఎలా ఎదురుపడతామని ఆమె బాధ. పొట్లం విప్పి బల్ల మీద పెట్టింది.

“అంజన్న ప్రసాదమమ్మా. జర నోట్లె వేస్కో.”

డాక్టరమ్మ నవ్వి, చిటికెడు తీసి కళ్లకద్దుకుంది. నాలుక మీద వేసుకోబోతూ ఆగి వేళ్ల వైపు చూసింది. పచ్చటి పొడిలో తెల్లటి పలుకులు కొన్ని సరిగా నలగకుండా ఉన్నాయి.

“ఏ గుడి ప్రసాదమమ్మా ఇది?”

“గుడిది కాదు, తాలీంల అంజన్నది. పహిల్వాన్లు తింటరు. మస్తు తాకత్. పిల్లకు గూడ రోజూ గిదే పెడ్తాన.”

డాక్టరమ్మ ఆ చిటికెడు పొడినీ మళ్లీ కాగితంలో వేసి మడతపెట్టింది. పొట్లం మీద అరచెయ్యి ఆనించింది. తరువాత నా వైపు తిరిగి చెప్పింది. ఇందులో ఏం కలిసిందో పరీక్ష చేసి చెప్పే వసతి ఇక్కడ లేదు. కానీ అమ్మాయి ఒంటి మీద కనిపిస్తున్నవన్నీ మగ హార్మోను చేసే పనులు. కండ పెరగడానికి అలాంటి గోలీలు దొరుకుతాయి. ఈ పొడి ఈ పూటనుంచి ఆపండి. తయారుచేసినవాళ్లను అడిగి, ఏం కలిపారో నాకు చెప్పండి.

అత్తమ్మకు హార్మోను మాట అర్థం కాలేదు. మగ అన్న మాట ఒక్కటి అర్థమైంది. దారంతా బస్సులో పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఆ సాయంత్రం మరిది తాలీంకు పోయి ఉస్తాదును వెంటబెట్టుకొచ్చాడు. ఉస్తాద్ మా వాకిట్లో చెప్పులు విడిచి, అరుగు చివర కూర్చున్నాడు. పెద్ద మనిషి, చెవులు కుస్తీలో నలిగి ముద్దలైనాయి. గొడవ పడటానికి రాలేదు.

“అక్కా, నేను విషం కలపలే. గోలీలు గవి. మెడికల్ షాపుల అమ్మేటియే. బక్కగైనోళ్లకు దవాఖానల ఇస్తరట. జర దంచి కలిపితె పోరగాండ్లకు ఒళ్లొస్తదని చెప్పిండ్రు. వచ్చింది కద?”

“మాకు చెప్పద్దా ఉస్తాద్?” అన్నాడు మరిది.

“చెప్తె ఏమైతది? గోలీ అంటె ఎవలన్న తింటరా? పహిల్వాన్ గోలీలు తింటాండని నవ్వరా? నువ్వు తినెటందుకు ఇచ్చిన. ఆడపిల్లకు పెడ్తవని నాకేం ఎరుక?”

“ప్రసాదమని ఇస్తివి. ప్రసాదం నేనొక్కన్నే ఎట్ల తింట?”

లోపలినుంచి ఆడపడుచు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. “తీస్కో కాకా” అంది. ఉస్తాద్ ఆ గొంతు విని చెంబు తీసుకోవడానికి తల పైకెత్తలేకపోయాడు. చెంబు అరుగు మీద పెట్టి ఆమె లోపలికి వచ్చేసింది. ఆ తరువాత అతను తాలీంలో పొడి దంచడం మానేశాడని మరిది చెప్పాడు. మరిది కూడా తాలీం మానేసి, మగ్గం దగ్గరే ఉండిపోయాడు.

ఉస్తాదును అడిగి తెలుసుకున్న గోలీల పేరు మేము పోయి డాక్టరమ్మకు చెప్పాం. పిల్ల ఎదురుగానే అడిగింది, “అమ్మా, నా గొంతు మళ్లొస్తదా?”

“మిగతావి చాలావరకు సర్దుకుంటాయమ్మా. నెలసరి వస్తుంది, మొటిమలు పోతాయి. గొంతులో తీగలు ఒకసారి మందమైతే మళ్లీ సన్నబడటం కష్టం. ఆశ పెట్టుకోవద్దని కాదు, నేను మాట ఇవ్వలేను.”

ఆమె సరేనన్నట్టు తలూపింది. నాకు ఏడుపు రాలేదు. దవాఖాన గోడ మీద పిల్లలకు టీకాలు వేయించమని రాసి ఉంటే మొదటినుంచి చివరిదాకా చదివాను. మళ్లీ చదివాను.

ఇంట్లో ఇంకా సగం డబ్బా పొడి మిగిలి ఉంది. పారబొయ్యమంటే అత్తమ్మ ఒప్పుకోలేదు, వీధి మురికికాలువ వైపు చూపించింది.

“ప్రసాదం మోరిల పోస్తమా? కండ్లు పోతయి.”

“మోరిల వద్దత్తమ్మా.”

“పాలవ్వ బర్రెకు పెడ్త మరి.”

“బర్రెకు గూడ వద్దన్నది డాక్టరమ్మ.”

“మరి దేవునికి పెట్టింది ఏం చెయ్యాలె?”

“మనం దేవునికి పెట్టింది శనగలు, బాదంపలుకులు అత్తమ్మా. గదే అనుకొని పెట్టినం, గదే ఆయన తీస్కున్నడు. గోలీలు ఎవలూ ఆయనకు చెప్పి పెట్టలే. చెప్పకుండ పెట్టింది ప్రసాదం కాదు.”

ఆ మాట నాకు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. మా నాన్న పలికించాడనుకుంటాను. అత్తమ్మ చాలాసేపు డబ్బా వైపు చూసింది. లేచి, పెరట్లో తనే గడ్డపారతో గుంట తీసింది, నన్ను ముట్టుకోనివ్వలేదు. పొడి పోసి, మట్టి కప్పి, పైన బండరాయి పెట్టింది. చెంపలు వేసుకోబోయి, ఎందుకో మానుకుని చేతులు కడుక్కుంది.

డాక్టరమ్మ చెప్పినవన్నీ అలాగే జరిగాయి. నెలసరి వచ్చింది. ముఖం తేటపడింది. నూగు పలచబడింది కానీ పూర్తిగా పోలేదు. ఆమె రోజూ పొద్దున బావి దగ్గర, ఎవరూ లేరనుకుని, గోవిందా అని ఒక్కసారి పలికి చూసుకునేది. వంటింట్లో నాకు వినిపించేది. లోతుగా, గరుగ్గా, పెద్ద మగవాడి గొంతులా ఉండేది. నేను పొయ్యి ఊదుతూ వినేదాన్ని. మరుసటి రోజూ అదే. ఎండాకాలం వచ్చింది. ఒక పొద్దున వినిపించలేదు. తరువాతి పొద్దున కూడా. నేను అడగకముందే ఆమే చెప్పింది.

“చూసుకునుడు బంద్ జేసిన వదినె. ఊకె ఎందుకు.”

మగ్గం దగ్గర కూడా ఆమె పిలవడం మానేసింది. అటు ఇటు ఇళ్లలో మగ్గాలు, నడుమ పలచని గోడలు, అవతలివాళ్లకు వినిపిస్తుంది. పంజాతో కొట్టి రంగు చెప్పేది. ఒక్క దెబ్బ ఎరుపు. రెండు నీలం. పంజాను పలక మీద గీస్తే పసుపు. మాకు ఎవరూ నేర్పలేదు, అలా కుదిరిపోయింది. నేను ఆ చప్పుళ్లకు అలవాటుపడ్డాను. ఆ ఇనుము మాట్లాడుతున్నంతకాలం రోజులు రోజుల్లాగే పోయాయి. శనివారం భజనకు వచ్చేది, తాళం వేసేది. పల్లవి వేరే పిల్ల ఎత్తుకునేది. పాలు పోసే అవ్వకు నా దండాల్లో చోటిచ్చాను, డాక్టరమ్మకూ ఇచ్చాను. ఉస్తాద్ పేరు దగ్గర మాత్రం చేతులు కొంతకాలం ఆగాయి. తరువాత అతనికీ పెట్టుకున్నాను. చేతులు జోడించి కూర్చున్నప్పుడు ఒకరిని దాటిపోవడం నాకు చేతకాలేదు.

రెండు మూడేళ్ల తరువాత ఒక ఫంక్షన్ హాలు కోసం చాలా వెడల్పు జంపఖానా నేయాల్సి వచ్చింది. మేమిద్దరం చాలక, పక్కింటి ఆడవాళ్లు ఇద్దరు వచ్చి పలక మీద కూర్చున్నారు. వాళ్లకు మా పంజా భాష తెలియదు. నేను చెప్పాను, తలూపారు. కానీ నలుగురి పంజాలు ఒకేసారి దిగుతుంటే ఏ దెబ్బ రంగుదో, ఏ దెబ్బ నూలుదో తెలియలేదు. చివరనున్న ఆమె నీలం రావాల్సిన చోట ఎర్ర దారం నేసింది. వరుసంతా విప్పాల్సి వచ్చింది. మళ్లీ నేసింది, మళ్లీ తప్పింది.

“గిట్లయితె దినాలకు దినాలు పడ్తది” అంది అత్తమ్మ, పక్కన దారం కండెలు చుడుతూ.

ఆడపడుచు పంజా ఒళ్లో పెట్టుకుంది. కాసేపు నేసినంతమేర పూవు వైపు చూసింది.

“నీలి” అని పిలిచింది.

పక్కింటి ఆడవాళ్లు తలతిప్పి చూశారు. గోడ అవతల మగ్గం ఒకటి ఆగింది. నేను నీలం దారం తీశాను. వాళ్లూ తీశారు.

“నీలి. మల్ల నీలి. ఎర్ర.”

గోడ అవతల మగ్గం మళ్లీ నడిచింది. మేము ఆ వరుస పూర్తిచేసి, నలుగురం కలిసి దిగ్గొట్టాం. ఆ రోజు సాయంత్రందాకా ఆమె పిలుస్తూనే ఉంది. తరువాత ఎన్నడూ పిలవడం మానలేదు. పాడలేదు మాత్రం. ఇప్పటికీ పాడదు.

ఇప్పుడు బలం పొడులు పెద్ద పెద్ద డబ్బాల్లో వస్తున్నాయి. వాటి మీద నిండా రాతలుంటాయి. మా మనుమల వయసు పిల్లలు వ్యాయామం చేసే చోట ఎవరో అన్న చెప్పాడని తెచ్చుకుంటారు, ఇంట్లో అందరికీ రుచి చూపిస్తారు. నేను చదవడం వచ్చినదాన్ని కనుక రాతంతా చదువుతాను. రాయనిది లోపల ఉంటే చదువు దాన్ని పట్టలేదని కూడా నాకు తెలుసు.

మీకు మా ఇల్లు తెలియదు, ఆమె పేరు నేను చెప్పలేదు. అయినా ఒకటి అడుగుతాను. ఒళ్లు నిండుతుందని, తాకత్ వస్తుందని ఎవరైనా ప్రేమగా మీ చేతిలో ఒక పొడి పెట్టినప్పుడు, మీరు దాన్ని మీ ఇంటి పిల్లకు తినిపించబోయే ముందు, శనివారం భజనలో వెనక వరుసలో కూర్చుని తాళం వేసే మా ఆడపడుచును ఒక్కసారి తలుచుకోండి.